హై ప్రోటీన్ రెడీమీల్స్ రోజూ రాత్రి తినొచ్చా? లేబుల్ చూసి ఎలా తూచాలి

ప్రశ్న క్లుప్తంగా: భీమవరంలో బ్యాంకు ఉద్యోగం, ఒంటరిగా అద్దె ఇల్లు. వయసు 28, బరువు 60 కిలోలు, వారంలో నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తారు. రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చాక వండే ఓపిక ఉండదు. సూపర్‌మార్కెట్లో దొరికే ఫ్రోజెన్ చికెన్ రైస్ బౌల్, వేడినీళ్ళు పోసుకునే కప్పు ఉప్మా, పాలక్ పనీర్ పౌచ్ మార్చి మార్చి తింటున్నారు. మొదటి రెండింటి మీద ‘హై ప్రోటీన్’ అనీ, మూడోదాని మీద ‘20 గ్రా. ప్రోటీన్’ అనీ పెద్దక్షరాలతో ఉంది. ఇవి రోజూ తినొచ్చా, మూడింటిలో ఏది మేలు, ఊళ్ళో ఉన్న అమ్మగారికి కూడా ఇవే పంపొచ్చా అని అడిగారు. అమ్మగారికి బీపీ ఉంది, ఈమధ్య క్రియాటినిన్ కొంచెం పెరిగింది అన్నారు. లేబుళ్ళ ఫొటోలు పెట్టారు, బౌల్ ధర కూడా రాశారు.

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తానండి, ఎందుకో తర్వాత రాస్తాను. చికెన్ రైస్ బౌల్ వారానికి రెండు మూడు రాత్రులు తినొచ్చు, పక్కన ఏదో ఒక కూరగాయ ఉంటే. కప్పు ఉప్మా సాయంత్రం ఆకలికి సరిపోతుంది కానీ రాత్రి భోజనం కింద లెక్కకి రాదు. పాలక్ పనీర్ పౌచ్ సగమే ఒక పూటకి. అమ్మగారికి మాత్రం మూడింటిలో ఏదీ పంపకండి.

నేను పశ్చిమ గోదావరిలోనే డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈ డబ్బాలు తెచ్చి చూపించి “ఇది మంచిదా, చెడ్డదా” అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. డబ్బా ఒక్కదాన్నే చూసి ఆ మాట చెప్పలేం. దాన్ని దేని బదులు తింటున్నారో తెలిస్తేనే చెప్పగలం. లేబుల్ మీది అంకెలన్నీ చివరికి ఆ పోలికకే పనికొస్తాయి. అందుకే ముందు అంకెలు చూసి, తర్వాత మన పళ్ళెం దగ్గరికి వద్దాం.

మీకు ఎంత కావాలో మొదట తేల్చుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. మీ 60 కిలోలకి 50 గ్రాములన్నమాట. మీరు బరువులెత్తుతారు కాబట్టి 1.2 దగ్గర పెట్టుకుందాం, 72 గ్రాములవుతుంది. మూడు పూటలకి పంచితే పూటకి 24. రాత్రి భోజనంలో 20 నుంచి 25 గ్రాములు వస్తే మీ అవసరం తీరినట్టే. జిమ్‌లో ఎవరో పూటకి 40, 50 అన్నారని టెన్షన్ పడకండి. అదే సంస్థ 2024లో తెచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ప్రోటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దనే చెప్పింది, మామూలు ఆహారంతోనే సరిపెట్టుకోవచ్చని.

ఇప్పుడు కప్పు ఉప్మా తీసుకోండి. వెనక పట్టికలో 100 గ్రాములకి 20 గ్రాముల ప్రోటీన్ అని ఉంది. కానీ కప్పులో ఉన్న పొడి 70 గ్రాములే. అంటే మీ కడుపులోకి వెళ్ళేది 14 గ్రాములు. ఇందులో కంపెనీ అబద్ధమేమీ ఆడలేదు. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం ఘనపదార్థం 100 గ్రాముల్లో రోజు అవసరంలో 20 శాతం ప్రోటీన్ ఉంటే, అంటే సుమారు 11 గ్రాములుంటే, ‘హై ప్రోటీన్’ అని రాసుకోవచ్చు. నీళ్ళు తీసేసిన పొడి ఏదైనా 100 గ్రాముల లెక్కలో గొప్పగానే కనిపిస్తుంది. మన కందిపప్పు పచ్చిగా తూస్తే 100 గ్రాములకి 22 గ్రాముల దాకా ఉంటుంది, ఉడికి పలచబడి పళ్ళెంలోకి వచ్చేసరికి గరిటెడు పప్పులో ఆరేడు గ్రాములే. అందుకని మొదటి అలవాటుగా ప్యాకెట్ మొత్తం బరువు ఎంతో చూసి, ఆ బరువుకి మీరే గుణించుకోండి.

పాలక్ పనీర్ పౌచ్‌లో ఇదే చిక్కు ఇంకో రకంగా ఉంది. ముందువైపు 20 గ్రాములన్నది పౌచ్ మొత్తానికి. వెనక సర్వింగ్ అంటే అందులో సగం. కొవ్వు, ఉప్పు సర్వింగ్‌కి చూసి, ప్రోటీన్ ప్యాకెట్‌కి చూసి సంతోషపడేవాళ్ళు చాలామంది. అన్నీ ఒకే కొలతకి తెచ్చి చూడాలి. 285 గ్రాముల పౌచ్ మొత్తం తింటే 20 గ్రాముల ప్రోటీన్‌తో పాటు 31 గ్రాముల కొవ్వు, అందులో 17 గ్రాములు శాచురేటెడ్ కొవ్వు, 1,200 మిల్లీగ్రాముల సోడియం వస్తున్నాయి. లేబుల్ మీద శాతాలు కట్టడానికి వాడే శాచురేటెడ్ కొవ్వు రోజుకి 22 గ్రాములు. ఒక్క పౌచ్‌తో దాదాపు ముప్పావు వంతు అయిపోయింది, ఇంకా చపాతీయో అన్నమో తినలేదు. సగం తిని, పక్కన ఒక గుడ్డు ఉడకబెట్టుకుంటే ప్రోటీన్ 16 దాకా వస్తుంది, రెండు చపాతీలు కలిస్తే మీ లెక్క సరిపోతుంది. మిగతా సగం పౌచ్‌లోనే వదలకుండా గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే తినేయండి. ఈ పౌచ్‌లు మూసేశాక సుమారు 121 డిగ్రీల వేడిలో ఆవిరి ఒత్తిడితో లోపలి సూక్ష్మజీవుల్ని చంపినవి కాబట్టి బయట నెలల తరబడి ఉంటాయి. కత్తెర పెట్టాక మాత్రం అది మామూలు కూరే.

ఇక చికెన్ రైస్ బౌల్. 250 గ్రాములు, 510 కేలరీలు, 28 గ్రాముల ప్రోటీన్, 20 గ్రాముల కొవ్వు, 1,150 మిల్లీగ్రాముల సోడియం. ఈ రకం డబ్బాలని తూచడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది: 100 కేలరీలకి ఎన్ని గ్రాముల ప్రోటీన్ అన్నది. ప్రోటీన్ గ్రాములని కేలరీలతో భాగించి వందతో గుణించండి. ఫోన్‌లో అర నిమిషం పని. మీ బౌల్‌కి 5.5 వచ్చింది. కప్పు ఉప్మాకి 14 గ్రాములు, 290 కేలరీలు, అంటే 4.8. పౌచ్‌కి 4.7.

ఈ అంకెలు ఎక్కువా తక్కువా అన్నది మన వంటింటి సరుకుల పక్కన పెడితే తెలుస్తుంది. అన్నానికి 100 కేలరీలకి సుమారు 2 గ్రాములు. వేరుశనగపప్పుకి నాలుగున్నర, ఎందుకంటే అందులో నూనె ఎక్కువ. కందిపప్పుకి ఆరున్నర దాకా. గుడ్డుకి 8. ఒలిచిన పచ్చిరొయ్యలకి 20 పైనే. అంటే మీ ‘హై ప్రోటీన్’ బౌల్ ఉత్త అన్నం కన్నా ఎంతో మెరుగు, కానీ కందిపప్పుని మించలేదు. ఒక పూట భోజనం మొత్తానికి 5 దాటితే నేను సరేనంటాను, 4 కన్నా తగ్గితే ఆ పేరుకి విలువివ్వను. మూడింటిలో బౌల్‌ని ఎంచింది ఇందుకే.

ఆ ప్రోటీన్ ఎక్కడిదో కూడా చూడండి. పరీక్షశాలలో ప్రోటీన్‌ని నేరుగా కొలవరు. పదార్థంలో నత్రజని ఎంతుందో కొలిచి సాధారణంగా 6.25తో గుణిస్తారు. అందువల్ల చికెన్ ముక్కదైనా, గోధుమ గ్లూటెన్‌దైనా, కొల్లాజెన్ పొడిదైనా లేబుల్ మీద ఒకే అంకెగా కలిసిపోతుంది. ఒంటికి మాత్రం అవి ఒకటి కావు. ప్రోటీన్‌కి ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు; గోధుమ గ్లూటెన్‌లో లైసిన్ అనేది తక్కువ, కొల్లాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనేది అసలు ఉండదు. సోయా ప్రోటీన్ మంచిదే, దానికి భయపడక్కర్లేదు. పదార్థాల జాబితాని బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువున్నదానికి వరసగా రాయాలని నిబంధన ఉంది కాబట్టి మొదటి మూడు నాలుగు పేర్లు చాలు. మీ బౌల్‌లో వండిన అన్నం, చికెన్, నూనె, ఉల్లిపాయ అని ఉంది, బాగుంది. కప్పు ఉప్మాలో గోధుమ రవ్వ, పామాయిల్, గోధుమ గ్లూటెన్, సోయా ఐసొలేట్, ఉప్పు. రవ్వలో చాలని ప్రోటీన్‌ని చాలావరకు గ్లూటెన్‌తో పూడ్చారు. అన్నంలోనూ లైసిన్ తక్కువే, కానీ మనం పప్పు కలుపుతాం కాబట్టి ఆ లోటు తీరుతుంది. ఉప్మా కప్పులో ఆ కొంచెం సోయా తప్ప లోటు తీర్చేదేమీ లేదు.

ఉప్పు దగ్గర కాస్త ఆగాలి. సోడియం గ్రాముల్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. బౌల్‌లో 2.9 గ్రాముల ఉప్పు. రోజంతటికీ 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థా, మన ఎన్ఐఎన్ కూడా చెబుతున్నాయి. ఒక్క బౌల్‌లో సగం పైన. కప్పులో రెండున్నర, అదీ 290 కేలరీల చిన్న తిండికి. మీరు పొద్దున టిఫిన్ హోటల్లో ఇడ్లీ, సాంబారు, మధ్యాహ్నం ఆవకాయతో పెరుగన్నం తినేవారైతే రాత్రి బౌల్‌తో 5 గ్రాములు ఎప్పుడో దాటిపోతుంది. ఇంటి వంటలో ఉప్పు తక్కువని కూడా నేననను, మన ఊరగాయలు, ఎండుచేపలు, అప్పడాలు తెలిసినవే. తేడా ఏంటంటే ఇంట్లో గరిట మీ చేతిలో ఉంటుంది, డబ్బాలో వేసిన ఉప్పు తీయలేరు. బౌల్ తినే రోజు పచ్చడి పక్కన పెట్టేయండి.

లేబుల్ చెప్పని సంగతి పీచు. మన దేశంలో పీచు పరిమాణం రాయడం తప్పనిసరి కాదు, ఆరోగ్యానికి సంబంధించి ఏదో గొప్ప చెప్పుకునేవాళ్ళే రాస్తారు. 2,000 కేలరీలు తినేవారికి రోజుకి 30 గ్రాముల పీచు కావాలి. మీ మూడు డబ్బాల్లో రెండింటి మీద ఆ వరసే లేదు. ఫొటోలో కనిపిస్తున్నంతలో బౌల్‌లో కూరగాయ అంటే నాలుగు క్యాప్సికం ముక్కలు. అందుకే పక్కన కూర ఉండాలన్నాను. ఓపిక లేని రోజున కీరాదోసకాయ, క్యారెట్ కోసుకున్నా చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పట్నుంచీ ఈ డెల్టాలో వరిదే రాజ్యం, పళ్ళెంలోనూ అన్నానికే పెద్దపీట. మన దగ్గర మామూలు రాత్రి భోజనం ఒకటి లెక్కేద్దాం. 250 గ్రాముల అన్నం, పలచటి పప్పుచారు, వంకాయ కూర, కప్పు పెరుగు. అన్నంలో 6 గ్రాములు, పప్పుచారులో రెండు మూడు, కూరలో ఒకటి రెండు, పెరుగులో 3. ఎంత కలిపినా 13, 14 గ్రాములే. కడుపు నిండుతుంది, రుచిగా ఉంటుంది, ఇంటి భోజనం తిన్నామన్న తృప్తి ఉంటుంది. ప్రోటీన్ మాత్రం మీకు కావలసిన దాంట్లో సగానికి కొంచెం పైన, అంతే. ఇది తినేవాళ్ళకి ఆ చికెన్ బౌల్ ఒక మెట్టు పైనే, ఉప్పు సంగతి తెలిసి కూడా ఆ మాట అంటున్నాను. “ఇంటి అన్నం మానేసి డబ్బాలు తింటున్నావు” అని ఎవరైనా కోప్పడితే ఈ లెక్క చూపించండి.

అదే ముద్దపప్పు, రొయ్యల ఇగురు ఉన్న భోజనమైతే కథ తిరగబడుతుంది. గట్టిపప్పు గరిటెడు 6 గ్రాములు, ఒలిచిన రొయ్యలు 100 గ్రాములు వండితే 19, 20 గ్రాములు, అన్నం 5, పెరుగు 3. ముప్పై దాటింది. ఆ భోజనం బదులు బౌల్ తింటే మీరు దిగినట్టు. మీ విషయంలో మూడో పోలిక కూడా ఉంది, కర్రీ పాయింట్. ఒంటరిగా ఉండే ఉద్యోగులు చాలామంది కుక్కర్లో అన్నం పెట్టుకుని కూర కవరు తెచ్చుకుంటారు. ఆ కవరు మీద లేబులే ఉండదు, నూనె పైకి తేలుతూ ఉంటుంది, చికెన్ కూరలో ముక్కలెన్నో, గ్రేవీ ఎంతో మన అదృష్టం. దాంతో పోలిస్తే అంకెలు రాసి ఉన్న డబ్బానే నేను నమ్ముతాను. కర్రీ పాయింట్‌కే వెళ్ళాల్సి వస్తే గుడ్డు కూరో, పప్పో తెచ్చుకోండి, ఎన్ని గుడ్లో కళ్ళకి కనిపిస్తాయి.

మీరు ఉంటున్నది భీమవరంలో. చుట్టూ వరి చేలు చెరువులయ్యాయి, పండిన రొయ్యలో ఎక్కువ భాగం ఎగుమతికి పోతోంది. చెరువు గట్టున ఉండి ప్రోటీన్ కోసం డబ్బా వెతుక్కోవడం నాకు నిజంగా బాధనిపిస్తుంది. ఆదివారం కిలో వనామీ రొయ్యలు కొని అక్కడే ఒలిపించండి. తల, పెంకు పోగా అరకిలో దాకా కండ వస్తుంది. కడిగి, నీళ్ళు వార్చి, పసుపు రాసి, 100 గ్రాముల చొప్పున అయిదు పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పడేయండి. పొద్దున ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఒక పొట్లం కింది అరలోకి మారిస్తే రాత్రికి కరిగి ఉంటుంది. కుక్కర్లో అన్నం పెట్టి, బాణలిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక బీరకాయ ముక్కలు వేసి మూతపెట్టండి, దాని నీళ్ళతోనే అది ఉడుకుతుంది. ముక్క మెత్తబడ్డాక రొయ్యలు వేసి ఐదారు నిమిషాలు, అంతకన్నా ఉంచితే రబ్బరులా సాగుతాయి. అన్నం ఉడికేలోపు కూర అయిపోతుంది. 20 గ్రాముల ప్రోటీన్, కూరగాయ, ఉప్పు మీ చేతిలో. ఒలిచి ఫ్రీజ్ చేసిన రొయ్యల ప్యాకెట్ కొనేటట్టయితే పైన మంచు పొర బరువు కాకుండా నికర బరువు ఎంతో చూడండి, పదార్థాల్లో ఐఎన్ఎస్ 451, 452 ఉన్నాయేమో చూడండి. అవి నీటిని పట్టి ఉంచడానికి వేసే ఫాస్ఫేట్లు. అవి ఎక్కువైతే మీరు కొన్న బరువులో కొంత నీళ్ళే, ప్రోటీన్ ఆ మేరకి తగ్గుతుంది.

నీచు వద్దనుకున్న రోజు గుడ్డు పెసరట్టు అయినా వేసుకోండి. 50 గ్రాముల పెసలలో 12 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, రెండు గుడ్లు కొడితే ఇంకో 12. పిండి ఫ్రిజ్‌లో రెండు రోజులుంటుంది. గుడ్డే ముట్టని రోజైతే ఆ పెసరట్టు మీద వంద గ్రాముల పనీరు తురుముకోవచ్చు, సుమారు 18 గ్రాములు.

ధర కూడా ప్రోటీన్ గ్రాముకి ఎంత పడుతుందో చూసుకోవాలి. గుడ్డు 7 రూపాయలైతే గ్రాము ప్రోటీన్ రూపాయికి కొంచెం పైన పడుతుంది. మీరు రాసినట్టు బౌల్ 280 రూపాయలైతే గ్రాము 10 రూపాయలు. అందులో సగానికి పైన మీ టైముకి ఇస్తున్న ధర. అలిసిపోయిన రాత్రి అది ఇవ్వదగ్గదే, రోజూ మాత్రం కాదు.

బౌల్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎండాకాలంలో, తుఫాను రోజుల్లో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, అన్ని దుకాణాల్లో జనరేటర్ ఉండదు. డబ్బా ఊపితే లోపల పెద్ద మంచుగడ్డ కదులుతున్నా, అన్నం ఒక మూలకి జారి ముద్దగా గడ్డకట్టినా, అది ఒకసారి కరిగి మళ్ళీ గట్టిపడిందని అర్థం, తీసుకోకండి. మిగతా సరుకులన్నీ బుట్టలో వేశాక చివర్లో ఇది తీసుకుని నేరుగా ఇంటికి రండి. మైక్రోవేవ్‌లో మధ్యలో ఒకసారి ఆపి కలపండి, అంచులు కాలి నడుమ చల్లగా ఉంటే చికెన్ విషయంలో ప్రమాదం.

అమ్మగారి సంగతి. క్రియాటినిన్ పెరిగిందంటే మూత్రపిండాల పని కొంత తగ్గి ఉండొచ్చు. అలాంటివారికి ‘హై ప్రోటీన్’ అన్నది మంచి మాట కాదు. డయాలసిస్ అవసరం లేని దశలో సాధారణంగా కిలో బరువుకి 0.8 గ్రాముల దగ్గరే ఉంచుతాం, మరీ తగ్గించడం కూడా ప్రమాదమే, కండ కరుగుతుంది. అంతకన్నా ముందు ఉప్పు. బీపీ ఉన్న మనిషికి ఒకే డబ్బాలో 3 గ్రాముల ఉప్పు అంటే మాత్ర వేసుకుంటూనే దాని పని చెడగొట్టడం. ఇంకోటి ఫాస్ఫేట్లు. పప్పుల్లో సహజంగా ఉండే భాస్వరం ఒంటికి కొంతే పడుతుంది, ప్రాసెస్ చేసిన మాంసంలో కలిపే ఫాస్ఫేట్ చాలావరకు పట్టేస్తుంది, బలహీనపడిన మూత్రపిండాలు దాన్ని బయటకి పంపలేవు. సోడియం తక్కువని రాసిన ఉప్పు వాడమని ఎవరైనా చెప్పినా డాక్టర్ని అడక్కుండా వాడొద్దు, అందులో పొటాషియం ఉంటుంది. ఆవిడకి ప్రస్తుతానికి ఇంట్లో ఉప్పు తగ్గించి వండిన అన్నం, కూర, కొద్దిగా పప్పు, రోజుకి ఒక గుడ్డో చిన్న చేప ముక్కో చాలు. ఊరగాయ, ఎండుచేప ఆపించండి. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) ఎంతుందో, పొటాషియం ఎంతో, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేశారో లేదో, ఆవిడ బరువెంతో ఇక్కడ రాయండి. షుగర్ ఉంటే అది కూడా. అవి చూశాక పూటకి ఏది ఎంత పెట్టాలో చెబుతాను, దాన్ని ఆవిడ డాక్టరుకి చూపించి మొదలుపెట్టొచ్చు.